కథలోంచి కొట్టేసిన లెక్క

2019లో ఒక కుర్రాడు మా దగ్గరికి కథ పట్టుకొచ్చాడు. అప్పట్లో మేము నలుగురైదుగురు ముస్లిం రచయితలం నెలకోసారి ఎవరో ఒకరింట్లో కూచుని రాసుకున్నవి చదువుకునేవాళ్లం. ఆ కుర్రాడిది నిజామాబాద్ వైపు. వాళ్ల అబ్బా సౌదీలో, దమ్మామ్‌లో ఉంటాడు. అమ్మీ, ముగ్గురు చిన్నపిల్లలు కూడా అక్కడే కొన్నేళ్లుండి 2018లో తిరిగొచ్చేశారు. ఇతను పెద్దకొడుకు, నానీ ఇంట్లో ఉండి చదువుకున్నాడు. కథంతా ఆ తిరిగి రావడం గురించే.

కథ మధ్యలో ఒక పేజీ నిండా లెక్క ఉంది. అబ్బా క్యాలెండర్ కాగితం వెనక వేసుకున్న లెక్క. నలుగురు మనుషులు, మనిషికి నెలకు ఇంత, పన్నెండు నెలలకు ఇంత, వచ్చే ఏడాదికి ఇంత, ఆపై ఏడాదికి ఇంత. కింద గీత గీసి మొత్తం.

ఆ పేజీ తీసెయ్యమన్నాం. "బేటా, ఇది కథ. కిరాణా కొట్టు చిట్టా కాదు" అన్నాడు మాలో పెద్దాయన. "ఎయిర్‌పోర్టుల మీ అబ్బా ఏడుస్తడు చూడు, ఆడ పెంచు" అన్నాడు ఇంకొకాయన. మిగిలినవాళ్లం తలలూపాం. కుర్రాడు "జీ సాబ్" అని కొట్టేశాడు. కథ ఒక చిన్న పత్రికలో అచ్చయింది. చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నామని చాలామంది ఫోన్లు చేశారు. మాకు సంతోషమయింది. మా చేయి పడితే కథ కథలా తయారయిందని చెప్పుకున్నాం కూడా.

ఇప్పుడు మేము రాస్తున్నది ఆ కొట్టేసిన పేజీ గురించి. అదే కథకు ప్రాణమని, దాన్ని తీయించింది మా విమర్శలో ఉన్న గుడ్డితనమని మాకు ఆలస్యంగా తెలిసింది.

లెక్క ఏమిటో ముందు చెప్పాలి, ఎందుకంటే గల్ఫ్ మీద కవిత్వం రాసిన వాళ్లలోనే చాలామందికి ఇది తెలియదు. సౌదీలో పనిచేసే పరదేశి తన భార్యాపిల్లల్ని దగ్గర ఉంచుకుంటే, వాళ్లను అక్కడి కాగితాల్లో మురాఫికీన్ అంటారు, అంటే వెంట వచ్చినవాళ్లు. ఆ వెంట వచ్చిన ఒక్కొక్క తలకాయకు నెలకు 100 రియాళ్ల చొప్పున కట్టాలని 2017 జూలై నుంచి నియమం పెట్టారు. 2018 జూలైలో అది 200 అయింది, 2019లో 300, 2020లో 400. ఏటేటా పెరుగుతుందని మొదటే చెప్పి మరీ పెంచారు. ఇకామా, అంటే నివాసపు అనుమతి, కొత్త చేసుకునేటప్పుడు ఏడాది సొమ్మంతా ముందే కట్టాలి. మూడేసి నెలలకు కట్టే వీలు 2021లో గానీ రాలేదు.

భార్య, ముగ్గురు పిల్లలు. 2017లో ఏడాదికి 4,800 రియాళ్లు. 2020 నాటికి 19,200. అప్పటి మారకంలో దాదాపు 3 లక్షల 80 వేల రూపాయలు. నెలకు 4,000 రియాళ్ల జీతగాడు అనుకోండి, ఏడాది సంపాదన 48,000. నూటికి నలభై పెళ్లాం బిడ్డల్ని పక్కన పడుకోబెట్టుకున్నందుకే పోతుంది. ఇంటి కిరాయి ఇంకా మొదలుకాలేదు, బడి ఫీజు ఇంకా మొదలుకాలేదు.

ఇది ఒక్కటే వచ్చిందా అంటే కాదు. 2016 అక్టోబర్ నుంచి, ఇంటికి పోయి రావడానికి ఇచ్చే వీసాకు రెండు నెలలకు 200 రియాళ్లు, ఆపై ప్రతి నెలకూ 100. 2018 జనవరి 1 నుంచి కొన్న ప్రతి వస్తువు మీదా నూటికి 5 పన్ను, 2020 జూలై నుంచి అది 15. అదే 2018 జనవరిలో మామూలు పెట్రోలు లీటరు ముప్పావు రియాల్ నుంచి 1.37కు ఎక్కింది. పనివాళ్ల మీద వేరే సుంకం ఉంది. సౌదీల కంటే పరదేశీలు ఎక్కువున్న కంపెనీ ఒక్కొక్కరికి నెలకు 2018లో 400, 2019లో 600, 2020లో 800 కట్టాలి. చట్టం ప్రకారం అది యజమాని కట్టేది. కానీ "ఆజాద్ వీసా" అని మనవాళ్లు ముద్దుగా పిలుచుకునే ఏర్పాటులో, కఫీల్ కాగితం మీద ఉంటాడు, పని బయట ఎక్కడో వెతుక్కోవాలి, సుంకం మాత్రం పనివాడి జేబులోంచే పోతుంది. ఆజాద్ అంటే స్వేచ్ఛ. ఆ మాట అంత అబద్ధంగా వాడడం మేము ఇంకెక్కడా చూడలేదు.

ఈ కుర్రాడి అబ్బా ముందు సెల్‌ఫోన్ల కొట్లో ఉండేవాడు. 2016లో సెల్‌ఫోన్ల అమ్మకం, మరమ్మతు పూర్తిగా సౌదీలకే అన్నారు. రెడీమేడ్ బట్టల కొట్టుకు మారాడు. 2018 సెప్టెంబర్ నుంచి పన్నెండు రకాల కొట్లలో నూటికి డెబ్భై మంది సౌదీలే ఉండాలన్నారు, మొదటి విడతలోనే బట్టల కొట్లు. ఆ తర్వాత బండి తోలాడు. కథలో ఒక చిన్న వివరం ఉంది. ఇకామాలో ఆయన వృత్తి "ముహాసిబ్" అని రాసి ఉంటుంది. ముహాసిబ్ అంటే లెక్కలు రాసేవాడు. ఆయన జీవితంలో లెక్కలు రాసింది ఆ క్యాలెండర్ కాగితం మీద ఒక్కటే. దాన్ని మేము కొట్టేయించాం.

ఎందుకు కొట్టేయించాం? మా మనసులో గల్ఫ్ కథకు ఒక అచ్చు ఉంది. శంషాబాద్‌లో దిగే పెట్టె. వాకిట్లో ఎదురుచూసే ఆడమనిషి. సెంటు సీసాలు, టేప్ రికార్డరు తెచ్చి ఊళ్లో మెరిసిపోయి మళ్లీ పోయిన యువకుడు. ఇక హైదరాబాద్ ముస్లిం అనేసరికి ముసలి షేకు, చిన్నపిల్ల. 1991లో విమానంలో ఏడుస్తున్న పిల్లను ఒక ఎయిర్‌హోస్టెస్ గమనించి ఆపిన సంఘటన దేశమంతా గగ్గోలయింది. ఆ గగ్గోలు అవసరమే, ఆ దుర్మార్గం నిజమే, దాన్ని దాచిపెట్టిన మా పెద్దలదీ తప్పే. అయితే ఆ తర్వాత తెలుగు పాఠకుడికి మా బస్తీకీ అరబ్బు దేశానికీ మధ్య ఇంకో దారి ఉన్నట్టే తోచలేదు. ఆ దారిన పోయినవాళ్లలో డ్రైవర్లు, దర్జీలు, కొట్టు గుమస్తాలు, ఆస్పత్రుల్లో తుడిచేవాళ్లు లక్షల్లో ఉన్నా వాళ్లు కథకు పనికిరాలేదు. సినిమా సంగతి చెప్పనక్కర్లేదు. 2007లో వచ్చిన "దుబాయ్ శీను"లో దుబాయ్ పేరులోనే ఉంది, దుబాయ్ పోదామని బయల్దేరిన కుర్రాడు ముంబైలోనే మోసపోయి చిక్కుకుంటాడు. నవ్వుకున్నాం, బయటికొచ్చాం.

ఏడుపు కథలో దోషి ఉండడు. ఎడారి ఉంటుంది, తఖ్‌దీర్ ఉంటుంది, మహా అయితే ఊళ్లో ఒక ఏజెంటు ఉంటాడు. రసీదుకు తేదీ ఉంటుంది, ముద్ర ఉంటుంది, దాన్ని జారీ చేసిన శాఖ ఉంటుంది. పాఠకుడు ఏడ్చి పుస్తకం మూసేయకుండా "ఎవరు పెట్టారు ఈ నియమం, ఎవరి కోసం?" అని అడగాల్సి వస్తుంది. మేము కుర్రాడి కథలోంచి తీసేసింది ఆ ప్రశ్నను.

మలయాళంలో బెన్యామిన్ 2008లో రాసిన "ఆడుజీవితం" చాలామందికి తెలుసు. 2024లో సినిమా కూడా వచ్చింది. ఎడారిలో మేకల మధ్య బందీ అయిన నజీబు కథగా, విశ్వాసం కథగా, ఓర్పు కథగా దాన్ని మెచ్చుకున్నారు. మేమూ అలాగే చదివాం. ఈ లెక్క తర్వాత మళ్లీ చదివితే వేరే చోట ఆగిపోయాం. తప్పించుకుని చివరకు జైల్లో పడ్డ నజీబును వెతుక్కుంటూ ఆ యజమాని వస్తాడు. గుర్తుపడతాడు. అయినా వదిలేసి పోతాడు. ఎందుకంటే నజీబు అతని వీసా మీద వచ్చినవాడు కాదు. అన్నేళ్ల నరకమూ, ఆఖరి విడుదలా రెండూ ఒకే కాగితం మీద ఆధారపడి ఉన్నాయి. బెన్యామిన్ ఆ కాగితాన్ని దాచలేదు. దాన్ని దాటేసి ఎడారిని మెచ్చుకున్నది మనం.

ఇంతకీ ఇది అస్తిత్వ వ్యాసాల సంకలనంలో ఎందుకు అని అడిగేవాళ్లుంటారు. ఖర్చులు పెరగడం, నియమాలు మారడం పరాయి దేశంలో ఉన్న ఎవరికైనా ఉండేదే కదా, ఇందులో ముస్లిం సంగతేముంది?

ఉంది. ఈ దేశంలో మాకు పుట్టినప్పటినుంచీ వినబడే మాట ఒకటుంది. "మీకు వేరే దేశాలున్నాయి కదా." పొరుగు దేశం పేరు పెట్టి అనేవాళ్లు కొందరు. దాని గాయం నుంచే 1991లో ఖాదర్ మొహియుద్దీన్ "పుట్టుమచ్చ" వచ్చింది, 1998లో "జల్‌జలా" కవిత్వం వచ్చింది. అరబ్బు దేశాల పేరు పెట్టి అనేవాళ్లు ఇంకొందరు. మసీదుకు సున్నం వేస్తే పెట్రో డాలర్లంటారు. మాలో ఒకరింటికి మేడ లేస్తే గల్ఫ్ డబ్బంటారు. సెక్యులర్ మిత్రులు కూడా, కోపంగా కాదు, చనువుగానే, "మీవాళ్లకేం, గల్ఫ్ ఉంది" అంటారు. అంటే ఆ గల్ఫ్ మాకు పుట్టిల్లులాంటిదని.

ఇంకా బాధ ఏమిటంటే మా పెద్దలు కూడా కొంత అలాగే నమ్మారు. సౌదీ ఇకామా ఇప్పుడు ప్లాస్టిక్ కార్డు. ముందు చిన్న పుస్తకంలా ఉండేది. ముస్లింలకు ఆకుపచ్చ అట్ట, ముస్లిమేతరులకు గోధుమ రంగు అట్ట. మా ఇళ్లలో ఆ ఆకుపచ్చ పుస్తకాన్ని చూపించి "మనవాళ్లని వేరుగా చూస్తరక్కడ" అని గర్వంగా చెప్పిన మామూలను, చాచాలను మేము ఎరుగుదుం. దమ్మామ్ నుంచి బస్సెక్కి ఉమ్రా చేసొచ్చిన మాట నిజం. మక్కాలో నిజాం కాలపు రుబాత్‌లో హైదరాబాద్ సంస్థానం ఊళ్ల హాజీలకు కిరాయి లేకుండా వసతి దొరికిన మాట నిజం. మేము దాన్ని చిన్నచూపు చూడడం లేదు. రెక్కలు ముక్కలు చేసుకునేవాడికి ఏడాదికి ఒకసారి కాబా కనబడడం ఎంత ఊరటో, నాస్తిక మిత్రులకు మేము వివరించలేం.

అయితే 2017 జూలైలో సుంకం వచ్చినప్పుడు దానికి అట్ట రంగు లేదు. దమ్మామ్‌లో ఈ కుర్రాడి అబ్బా కట్టింది మనిషికి 100. కేరళ క్రైస్తవ ఇంజనీరు కట్టిందీ 100. జగిత్యాల హిందూ ఉద్యోగి కుటుంబం కట్టిందీ 100. తలకాయను లెక్కపెట్టారు, నమాజును లెక్కపెట్టలేదు. ఉమ్మత్ అన్న పెద్దమాట కౌంటరు కిటికీ దగ్గర ఆగిపోయింది. ఇక్కడ మమ్మల్ని అరబ్బు దేశపు మనుషులుగా చూస్తే, అక్కడ మేము "హిందీ"లం. అంటే హిందుస్తాన్ వాళ్లం. మేము భారతీయులమని ఏ అనుమానమూ లేకుండా రాసిచ్చిన కాగితం ఆ ఇకామా ఒక్కటే అని మాలో ఒకాయన అంటుంటాడు. నవ్వుతూనే అంటాడు.

రంగుల సంగతి ఎత్తాం కాబట్టి మన దేశం సంగతీ చెప్పాలి. పది పాసు కాని కూలీల పాస్‌పోర్టు మీద వలస అనుమతి కావాలనే ముద్ర ఉంటుంది. 2018 జనవరిలో అలాంటివాళ్లకు నారింజ రంగు అట్టతో వేరే పాస్‌పోర్టు ఇస్తామని మన ప్రభుత్వం ప్రకటించింది. గోల కావడంతో ఆ నెలాఖరుకే వెనక్కి తీసుకుంది. ఒకరు మతాన్ని బట్టి అట్ట వేశారు, ఇంకొకరు చదువును బట్టి వేయబోయారు. 2020 సెప్టెంబర్‌లో, కరోనాతో జనం ఉద్యోగాలు పోయి తిరిగొస్తున్న రోజుల్లో, గల్ఫ్ దేశాలకు పోయే మన కూలీలకు ఇవ్వాల్సిన కనీస వేతనపు హద్దును మన ప్రభుత్వమే తగ్గించింది. తెలంగాణ నుంచి గట్టిగా అభ్యంతరాలు వెళ్లాక, 2021లో వెనక్కి తీసుకుంది. అరబ్బుల్ని తిట్టి చేతులు దులుపుకునే కథలు కూడా మాకు అందుకే నచ్చవు. ఏ దేశమైనా తన పిల్లలకు కొలువులు చూసుకుంటుంది. 2014లో చమురు ధర పడిపోయింది, 2016లో కొత్త ప్రణాళిక వేసుకున్నారు, ఖజానాకు డబ్బు కావాలి. అది వాళ్ల హక్కు కావచ్చు. భారం ఎవరి నడుము మీద పెట్టారు, పెట్టినప్పుడు మన ప్రభుత్వం ఎటు చూస్తోంది అన్నదే మా ప్రశ్న.

ఒకప్పుడు దారి అటునుంచి ఇటు ఉండేది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి అరబ్బులు జీతానికి నిజాం సైన్యంలో చేరడానికి హైదరాబాద్ వచ్చారు. వాళ్లుండే బారక్సే బార్కస్ అయింది. వాళ్ల మనవలు, మునిమనవలు ఇవాళ్టికీ అక్కడున్నారు, మన ఉర్దూ మాట్లాడుతూ, మన తిండి తింటూ. వాళ్లు ఇక్కడివాళ్లయిపోయారు. ఇక్కడినుంచి పోయినవాళ్లు నలభై ఏళ్లు పనిచేసినా అక్కడ "వెంట వచ్చినవాళ్లు", "వచ్చి పోయేవాళ్లు" మాత్రమే. ఆ తేడా మీద ఒక మంచి నవల ఎవరైనా రాయాలి.

మా అస్తిత్వవాదంలో ఇంకో లోపం కూడా ఈ లెక్క బయటపెట్టింది. గల్ఫ్ ముస్లిం అనగానే మేము హైదరాబాద్ టోలిచౌకీని, ఉర్దూను తలుచుకుంటాం. రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ ఇళ్లల్లో పనికి పోయిన తెలుగు ఆడవాళ్లను తలుచుకోం. వాళ్లలో మా సాయిబుల ఆడవాళ్లున్నారు, దూదేకుల వాళ్లున్నారు, మాల మాదిగలున్నారు. కువైట్ కుటుంబ వీసాలను కొంతకాలం ఆపి 2024 జనవరిలో మళ్లీ తెరిచినప్పుడు 800 దినార్ల జీతం ఉండాలన్నారు. ఇంటిపనివాళ్లకు అదే కువైట్ 2016లో నిర్ణయించిన కనీస జీతం 60 దినార్లు. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెడితే చాలు, ఎవరి పిల్లలు ఎవరి దగ్గర పెరుగుతారో తెలిసిపోతుంది. ఆమె కువైటీ బిడ్డకు అన్నం పెడుతుంది, ఆమె బిడ్డ రాయచోటిలో అవ్వ దగ్గర పెరుగుతుంది. సౌదీ 2021 మార్చిలో యజమాని అనుమతి లేకుండా పని మారే వీలు కొందరికి ఇచ్చినప్పుడు కూడా ఇంటిపనివాళ్లనూ, ఇంటి డ్రైవర్లనూ అందులోంచి మినహాయించారు. మా సంకలనాల్లో వీళ్ల పేజీలెన్ని?

తిరిగొచ్చిన పిల్లల సంగతి అసలే లేదు. ఈ కుర్రాడి చెల్లెలు దమ్మామ్‌లో ఇంగ్లీషు బడిలో చదివింది, ఇంట్లో ఉర్దూ. నిజామాబాద్ వచ్చి తెలుగు అక్షరాలు మొదలుపెట్టింది. తరగతిలో "అరబ్బు పిల్ల" అన్నారట. కథలో ఆ మాట ఉంది. సుంకం గురించిన పేజీ లేకపోవడంతో ఆ పిల్ల ఎందుకొచ్చిందో పాఠకుడికి తెలియదు. ఏదో కష్టమొచ్చి వచ్చారనుకుంటాడు. ఇక్కడ ఆ పిల్లను పరాయిదాన్ని చేసిన మాటకూ, అక్కడ పరాయిదాన్ని చేసిన 100 రియాళ్లకూ ఉన్న లంకె తెగిపోయింది. ఆ లంకెను తెంపింది మేమే.

"అంకెలు కళకు పనికిరావు" అన్నది మాకు ఎవరు నేర్పారో ఆలోచిస్తే సిగ్గనిపిస్తుంది. అప్పుపత్రం, శిస్తు, పేడీ వడ్డీ లేని రైతు కథను మనం ఒప్పుకోం. రైతు కథలో అంకె వాస్తవికత అయింది. మా కథలో అంకె చిట్టా అయింది. ముస్లిం దగ్గర్నుంచి పాఠకుడు ఏడుపో, బిర్యానీయో, బురఖాయో ఆశిస్తాడని మేమే ముందుగా అనుకుని, అతనికి అలవాటైన సరుకే అందించాం. ఈ మాట మిగతా విమర్శకుల మీద రాయి వెయ్యడానికి అనడం లేదు. ఆ రోజు ఆ గదిలో బయటివాళ్లెవరూ లేరు, అందరం మావాళ్లమే.

మొన్న ఈ వ్యాసం కోసం ఆ కుర్రాడికి ఫోన్ చేశాం. ఆ పేజీ ఉంటే పంపమన్నాం. వచ్చే సంకలనంలో కథను మొదట రాసినట్టుగానే వేస్తామన్నాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, తను కొట్టేసిన కాగితాలు దాచుకోలేదని, అబ్బా వేసిన అసలు లెక్క మాత్రం అమ్మీ దగ్గర ఉండొచ్చని అన్నాడు. అమ్మీ పాత ఇకామా కార్డులు, రసీదులు, పిల్లల బడి గుర్తింపు కార్డులు అన్నీ దమ్మామ్ నుంచి తెచ్చిన ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టి బీరువా పైన దాచిందట. ఎందుకు దాచిందని అడిగాం.

"మళ్లీ పిలిస్తే చూపెట్టనీకి పనికొస్తయంటది సాబ్" అన్నాడు.